అమరావతిని అమరావతిలోనే చూపించాలి

అమరావతి స్తూపం చూసొచ్చినవాళ్ళలో చాలామంది అనే మాట ఒకటే: "అక్కడేముందండీ, గడ్డి దిబ్బా, చుట్టూ నాలుగు రాళ్ళూ." వినడానికి కష్టంగా ఉన్నా ఆ మాటలో అబద్ధం లేదు. సాంచీ, భర్హుత్‌ల సరసన ప్రపంచ కళాచరిత్రలో చోటు సంపాదించుకున్న మహాచైత్యం అది. దగ్గరికి వెళ్తే కనిపించేది మాత్రం గుండ్రటి ఇటుక కట్టు, లోపల పచ్చిక, అంచున నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. పావుగంటలో చుట్టి రావచ్చు. ఒకప్పుడు ఆ స్తూపం ఒళ్ళంతా కప్పిన శిల్పాల్లో మేలైనవి చూడాలంటే చెన్నై ఎగ్మూరుకి రైలెక్కాలి. మరికొన్ని చూడాలంటే లండన్‌కి విమానమెక్కాలి.

ఏ ప్రాచీన నగరానికి వెళ్ళినా మనం చేసేవి రెండు పనులు. కట్టడం చూస్తాం, ఆ కట్టడంలోంచి వచ్చిన కళను మ్యూజియంలో చూస్తాం. ఒకటి చూస్తేనే రెండోది అర్థమవుతుంది. అమరావతి పాత పేరైన ధాన్యకటకం విషయంలో ఆ రెండింటి మధ్య సముద్రాలు అడ్డం వచ్చాయి. దీని మీద మన చర్చ ఎప్పుడూ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోతోంది. "దొరలు ఎత్తుకుపోయారు, తిరిగి తేవాలి" అన్నది ఒకటి. "పోనీలే, అక్కడున్నాయి కాబట్టే మిగిలాయి" అన్నది రెండోది. వీటిలో ఏది నిజమైనా, రేపు బస్సు దిగి స్తూపం దగ్గరికి నడిచి వెళ్ళే బడిపిల్లలకు ఒరిగేదేమీ లేదు. శిల్పాలు తిరిగి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనిలేదన్నది నా వాదన. ఉన్నవాటినీ పోయినవాటినీ కలిపి, పోయిన సంగతి దాచకుండా, స్తూపం పక్కనే చూపించవచ్చు. ఏథెన్స్ నగరం ఆ పని చేసి పదిహేనేళ్ళు దాటింది.

ముందు ధాన్యకటకం ఎంతటి ఊరో గుర్తు చేసుకోవాలి. స్తూపానికి పడమటి పక్కనున్న ధరణికోటలో మట్టికోట గోడల ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 1960ల్లో అక్కడ తవ్వినప్పుడు కృష్ణకు కలిపే కాలువా, పడవలు ఆగడానికి కట్టిన రేవూ బయటపడ్డాయి. అంటే ఇది భిక్షువులు మాత్రమే ఉన్న ఏకాంత క్షేత్రం కాదు. నది మీద సరుకు ఎక్కించి, దించి, సముద్రం దాకా పంపిన వ్యాపార పట్టణం. ఆ డబ్బే స్తూపానికి రాయి మోసింది. శాసనాలు చదివితే ఆ సంగతి తేటతెల్లమవుతుంది. దానం చేసినవాళ్ళలో గృహస్థులున్నారు, సుగంధ ద్రవ్యాల వర్తకులున్నారు, భిక్షుణులున్నారు. తోలుపని చేసే విధికుడనే మనిషి తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చాడు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట మన నేల మీద ఒక చర్మకారుడు, తన వృత్తిని దాచుకోకుండా, మహాచైత్యం మీద కుటుంబమంతటి పేరా రాయించుకోగలిగాడు. నా దృష్టిలో అమరావతి శాసనాలన్నిటిలో మన పిల్లలకు ముందుగా చదివి వినిపించవలసింది అదే.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటికే ఇక్కడ బౌద్ధం ఉంది. శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీస్తుశకం 2వ శతాబ్దంలో, స్తూపం తన పూర్తి వైభవాన్ని చూసింది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ ఈ ప్రాంతానికి వచ్చాడు. శ్రీలంకలోని గడలదెణియ గుడిలో 1344 నాటి శాసనం ఉంది. ధాన్యకటకంలో రెండంతస్తుల బుద్ధ మందిరాన్ని తాను బాగు చేయించినట్టు ధర్మకీర్తి అనే సింహళ భిక్షువు అందులో చెప్పుకున్నాడు. టిబెట్‌లో 1416లో స్థాపించిన డ్రెపుంగ్ మఠానికి ఈ ఊరి పేరే పెట్టుకున్నారు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర ఉత్సవానికి ఇక్కడికి రావడం వెనుక ఉన్నది ఆ పాత బంధమే. పదిహేడు వందల ఏళ్ళ పాటు దేశదేశాలు తలచుకున్న చోటు ఇది. స్థానికులకు అది దీపాలదిన్నెగా మిగిలింది.

18వ శతాబ్దం చివర్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసాన్ని ఇక్కడికి మార్చి కొత్త పట్టణం కట్టించాడు. ఊరు కట్టడానికి ఇటుకా రాయీ కావాలి. దిన్నెలో రెండూ దొరికాయి. ఆయన్ని నిందించడం తేలిక. అయితే అప్పటికి అది ఏమిటో చెప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. దిన్నెలో రాళ్ళు బయటపడుతున్నాయన్న వార్త విని ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో చిత్రకారుల బృందంతో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడిమి భాగం తవ్వి చెరువు చేసే పని సాగి ఉంది. పల్నాటి సున్నపురాయి కావడం ఆ శిల్పాల పాలిట శాపమైంది. కాలిస్తే మంచి సున్నం వస్తుంది. ఎన్ని పలకలు బట్టీల్లో కాలిపోయాయో లెక్క లేదు. మెకంజీ బృందం గీసిన బొమ్మలు 80కి పైగా ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే కొన్ని పలకలు ఈరోజు ప్రపంచంలో మరెక్కడా లేవు. కాగితం మీద గీత రూపంలోనే బతికాయి.

తర్వాత వచ్చిన దొరల చేతుల్లోనూ స్తూపం బాగుపడలేదు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి పెద్ద సంఖ్యలో శిల్పాలను మద్రాసుకు పంపాడు. ఏ పలక ఎక్కడ, ఏ పక్కన దొరికిందో చెప్పే వివరమైన రికార్డు మిగల్లేదు. మద్రాసులో అవి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఓడకెక్కించి లండన్ పంపారు. అక్కడ ఒక గుర్రపుబళ్ళ షెడ్డులో పడి ఉంటే 1860ల్లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటపడ్డాయి. 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్ ఆదేశంతో దిన్నె మధ్యభాగమంతా ఎత్తి పారబోశారు. ఆ వెంటనే పరిశోధనకు వచ్చిన జేమ్స్ బర్జెస్‌కి మిగిలింది గొయ్యి. కాపాడడం పేరుతో జరిగిన ఈ తవ్వకం, సున్నపు బట్టీ కంటే తక్కువ నష్టమేమీ చేయలేదు. బట్టీ కొన్ని పలకల్ని మింగింది. పద్ధతి లేని తవ్వకం అన్ని పలకల మధ్య ఉన్న వరసను మింగింది.

ఆ వరస ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మహాచైత్యం చుట్టూ రాతి స్తంభాలతో, అడ్డ కమ్ములతో, పై దూలంతో ఎత్తయిన ప్రాకారం ఉండేది. దాని అడ్డుకొలత సుమారు 190 అడుగులు. చుట్టూ నడిస్తే దాదాపు 600 అడుగులు. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి చుట్టూ నడిచే శిల్ప పట్టిక పొడవు 160 మీటర్లు, అంటే సుమారు 525 అడుగులు. పొడవులో మనది అంతకంటే పెద్దది. భక్తుడు ప్రదక్షిణగా నడుస్తుంటే ఎడమ చేతి వైపు ప్రాకారపు లోపలి ముఖం, కుడి చేతి వైపు స్తూపపు పీఠం మీద చెక్కిన పలకలు. నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, పరినిర్వాణం ఆ ఐదింటికీ అర్థాలు. ఇవి గోడకు వేలాడదీసి ఒక్కొక్కటిగా చూసే పటాలు కావు, నడుస్తూ చదివే గ్రంథం. ఆ గ్రంథంలో పేజీలు చింపి ఊళ్ళకు పంచిపెట్టినట్టయింది.

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న ఒక్క వర్తుల ఫలకం దగ్గర నిలబడితే ఆ గ్రంథం ఎలాంటిదో తెలుస్తుంది. నలగిరి ఏనుగు కథ అది. దేవదత్తుడు బుద్ధుడి మీదికి మదపుటేనుగును వదిలించాడు. ఎడమ పక్క ఏనుగు వీథిలోకి దూసుకొచ్చి ఒకణ్ణి తొండంతో పట్టి విసురుతోంది. జనం హడలెత్తి పక్కలకు ఒత్తుకుంటున్నారు. ఒకామె పక్కనున్న మనిషిని గట్టిగా కరుచుకుంది. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. అదే చక్రంలో కుడి పక్కకు కన్ను తిప్పితే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. ఒకే రాతిలో రెండు క్షణాలు. మధ్యలో గీత లేదు, గట్టు లేదు. భయం ఎక్కడ ఆగి శాంతి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. సినిమా పుట్టడానికి పదిహేడు వందల ఏళ్ళ ముందు ఒక తెలుగు ప్రాంతపు శిల్పి దృశ్యం మీద దృశ్యాన్ని ఇలా కలిపాడు. ఆ వీథి, ఆ మేడ, ఆ కిటికీ మన ప్రాచీన పట్టణాలు ఎలా ఉండేవో కూడా చూపుతాయి. ధరణికోటలో ఆ ఇళ్ళేవీ మిగల్లేదు. అవి ఈ రాతిలో ఉన్నాయి, ఈ రాయి ఎగ్మూరులో ఉంది.

అక్కడున్న చిక్కు ఇంకొకటి. 19వ శతాబ్దం చివర్లో ఈ పలకల్లో చాలావాటిని గోడల్లో సిమెంటుతో బిగించేశారు. బర్జెస్ లాంటివాళ్ళకు ఆ రోజుల్లోనే అది నచ్చలేదు. గోడ చెమ్మ, లవణాలు సున్నపురాయికి మంచివి కావని పరిరక్షణ నిపుణులు ఎన్నాళ్ళనుంచో చెబుతున్నారు. పైగా వెనుక వైపు ఏముందో చూసే వీలు లేదు. ఇది చిన్న విషయం కాదని లండన్‌లోని ఒక పలక రుజువు చేస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో స్తూప పీఠానికి చెందిన పలక ఒకటుంది. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని తొలి రోజుల పని అది. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత స్తూపాన్ని కొత్తగా అలంకరించేటప్పుడు అదే పలకను తిప్పి, వెనుక వైపు ఏకంగా స్తూపాన్నే చెక్కారు. అండం, దండలు, ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, అన్నీ ఉన్నాయి. ఒక మతం తన గురువును చూసే తీరు మూడు శతాబ్దాల్లో ఎంత మారిందో ఆ ఒక్క రాయి రెండు పక్కలా చెబుతుంది.

నిజానికి అమరావతి స్తూపం పూర్తిగా ఎలా ఉండేదో మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే. స్తూపం కూలినా, తన రూపాన్ని తన ఒంటి మీదే చెక్కించుకుని పోయింది. ఆ పలకల్లో ఒకటి, కనీసం దాని నమూనా, స్తూపం గట్టు మీద ఉంటే చాలు. "గడ్డి దిబ్బ" అన్న మాట ఎవరి నోటా రాదు.

బ్రిటిష్ మ్యూజియం ఈ శిల్పాలను ఎల్లవేళలా కళ్ళలో పెట్టుకుని చూసుకుందని చెప్పడం కూడా సరికాదు. కొన్ని దశాబ్దాలు అవి అక్కడి మెట్ల దారి గోడల మీద లండన్ పొగ పీలుస్తూ ఉన్నాయి. తర్వాత చాలా కాలం నేలమాళిగలో ఉన్నాయి. 1992లో గాని వాటికంటూ ప్రత్యేకంగా అద్దాల గది దొరకలేదు. 33ఎ అని ఆ గది సంఖ్య. లండన్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు, ఉద్యోగాల మీద వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఆ మ్యూజియంలో ప్రవేశానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఈజిప్టు మమ్మీలు చూసి బయటపడకుండా ఆ గది దాకా వెళ్ళండి. గుంటూరు మట్టి నుంచి వెళ్ళిన 120కి పైగా శిల్పాలు ఆ మ్యూజియం సంపదలో ఉన్నాయి.

ఇక ఏథెన్స్ దగ్గరికి వద్దాం. రెండు నగరాలకూ ఉన్న పోలిక కాకతాళీయం కాదు. పార్థినాన్ నుంచి లార్డ్ ఎల్గిన్ తరలించిన శిల్పాలను బ్రిటిష్ పార్లమెంటు 1816లో కొన్నది. మెకంజీ బృందం దీపాలదిన్నె దగ్గర బొమ్మలు గీయడం మొదలుపెట్టిందీ ఆ సంవత్సరమే. ఎల్గిన్ మార్బుల్స్ అనే పేరు చూసి మన సున్నపురాయి శిల్పాలకు ఇలియట్ మార్బుల్స్ అని పేరు పెట్టారు. 160 మీటర్ల పార్థినాన్ పట్టికలో సుమారు 75 మీటర్లు లండన్‌లో ఉంది. దశాబ్దాలుగా గ్రీసు తిరిగి ఇమ్మంటోంది. 1963 నాటి చట్టం ప్రకారం తమ వస్తువులను వదులుకునే అధికారం తమకు లేదని బ్రిటిష్ మ్యూజియం అంటోంది. ఇంతవరకూ మన కథే.

గ్రీకులు తర్వాత చేసింది చూడాలి. అడగడం మానకుండానే, అక్రోపోలిస్ కొండ కింద, పార్థినాన్‌కు 300 మీటర్ల దూరంలో కొత్త మ్యూజియం కట్టారు. 2009 జూన్‌లో తెరిచారు. బెర్నార్డ్ చుమి అనే వాస్తుశిల్పి రూపకల్పన అది. పై అంతస్తును కింది అంతస్తుల మీద కాస్త తిప్పి, కచ్చితంగా పార్థినాన్ ఏ దిక్కుకు ఉందో ఆ దిక్కుకే పెట్టారు. గోడలన్నీ అద్దాలు. శిల్ప పట్టికను గుడి మీద ఉన్న వరసలోనే, అదే కొలతలో చుట్టూ అమర్చారు. తమ దగ్గరున్న అసలు రాళ్ళు తేనె రంగులో ఉంటాయి. లండన్‌లో ఉన్నవాటి చోట తెల్లటి ప్లాస్టర్ అచ్చులు పెట్టారు. చూసేవాడికి కథ మొత్తం అందుతుంది. ఏది ఉంది, ఏది లేదు అనేది ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే కంటికి తెలుస్తుంది. తల ఎత్తితే అద్దంలోంచి గుడి కనిపిస్తుంది. అదే కొండ మీది ఎరెక్థియాన్ గుడి మండపాన్ని మోసే ఆరుగురు స్త్రీమూర్తుల్లో ఐదుగురు ఇక్కడున్నారు. లండన్‌లో ఉన్న ఆరో ఆమె చోటు ఖాళీగా ఉంచారు.

"ఇస్తే పెట్టుకోవడానికి మీకు చోటేది?" అన్న బ్రిటిష్ వాదన ఆ మ్యూజియంతో చచ్చిపోయింది. తర్వాత కదలిక కూడా వచ్చింది. ఇటలీలోని పలెర్మో మ్యూజియంలో ఉన్న ముక్క 2022లో, వాటికన్‌లో ఉన్న మూడు ముక్కలు 2023లో ఏథెన్స్ చేరాయి. లండన్ ఇంకా కదల్లేదు. కానీ ఈ లోపు ఏథెన్స్‌కు వచ్చిన యాత్రికుడు అరకొర చూసి వెళ్ళడం లేదు. అచ్చులు పెడితే అసలు మీద హక్కు వదులుకున్నట్టు అవుతుందని మన దగ్గర కొందరు అంటారు. ఏథెన్స్ అనుభవం దానికి నేరుగా విరుద్ధం. ఆ తెల్లటి ప్లాస్టర్ ముక్కలే రోజూ హక్కును గుర్తు చేస్తున్నాయి.

పార్థినాన్ నిలబడి ఉంది, మన స్తూపం కూలిపోయింది, పోలికేమిటని అడగవచ్చు. కూలిపోయింది కాబట్టే మనకు ఆ అవసరం ఎక్కువ. నిలబడిన గుడి తన గురించి తాను కొంతయినా చెప్పుకుంటుంది. ఇటుక కట్టు చెప్పుకోలేదు. ఇంకో అభ్యంతరం భద్రత గురించి. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలెత్తుకెళ్ళిన శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలి, 2016లో మన దేశానికి తిరిగి వచ్చింది. మన చిన్న మ్యూజియంలకు కాపలా, కెమెరాలు, వస్తువుల పట్టీ సరిగా ఉండాలన్న పాఠం అందులో ఉంది. అయితే లండన్ ఈ విషయంలో మనకు నీతి చెప్పే స్థితిలో లేదు. దాదాపు 2,000 వస్తువులు పోయాయనో, దెబ్బతిన్నాయనో 2023లో బ్రిటిష్ మ్యూజియమే ఒప్పుకోవలసి వచ్చింది.

చెన్నై సంగతి లండన్ కంటే సున్నితం. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా ఆ శిల్పాలు ఎగ్మూరులోనే ఉండిపోయాయి. 1851లో మొదలైన ఆ మ్యూజియానికి అవి తలమానికం. సి. శివరామమూర్తి 1942లో వాటి మీద రాసిన గ్రంథం లేకపోతే అమరావతి గురించి మనకు తెలిసింది సగం కూడా ఉండదు. ఆ ఋణం మరిచిపోయి "మావి మాకివ్వండి" అని గొడవకు దిగడం నాకు నచ్చదు. గోడలో బిగించిన పలకను పెకలించడం ప్రమాదం కూడా. కానీ అచ్చు తీయడానికీ, మూడు కొలతల్లో స్కాన్ చేసి అదే రాతిలో నకలు చెక్కించడానికీ పొరుగు రాష్ట్రం అడ్డు చెప్పవలసిన కారణం లేదు. విడిగా ఉన్న ఒకటి రెండు పలకలను ఆరు నెలలకో ఏడాదికో అరువు అడగడమూ అత్యాశ కాదు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాళ్ళ బౌద్ధ కళ మీద పెట్టిన ప్రదర్శనకు మన దేశం నుంచి, తెలంగాణలోని ఫణిగిరి నుంచి కూడా, శిల్పాలు సముద్రాలు దాటి వెళ్ళి వచ్చాయి. 2017లో ముంబైలో జరిగిన ప్రదర్శనకు బ్రిటిష్ మ్యూజియం తన వస్తువులను పంపింది. న్యూయార్క్ దాకా వెళ్ళగలిగిన రాయికి ఎగ్మూరు నుంచి కృష్ణ ఒడ్డుకు రావడం కష్టమేమీ కాదు.

అమరావతిలో ఇప్పుడు ఏమీ లేదని కూడా అనను. పురావస్తు సర్వేక్షణ శాఖ మ్యూజియం చిన్నదే అయినా మంచిది. పద్మాలు చెక్కిన స్తంభాలు, నిలువెత్తు బుద్ధ విగ్రహాలు ఉన్నాయి. ఆవరణలో స్తూపం నమూనా, తిరిగి నిలబెట్టిన ప్రాకారం భాగం ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు నేరుగా స్తూపానికి పోకుండా ముందు అక్కడికి వెళ్ళాలి. ఆ ప్రాకారం పక్కన నిలబడితే మనిషి ఎంత చిన్నగా కనిపిస్తాడో చూసుకుని, ఆ కొలత మనసులో పెట్టుకుని స్తూపం చుట్టూ కుడి చేతి వైపుగా నడవాలి. అప్పుడు ఇటుక కట్టు మీద ఆ గోడ లేవడం మొదలుపెడుతుంది. శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవు, అది చూసుకుని బయల్దేరండి. ఓపికుంటే ధరణికోట గట్టు దాకా వెళ్ళండి. అక్కడికి యాత్రికుల్ని తీసుకెళ్ళే ఏర్పాటు మనవాళ్ళు సరిగా చేయలేదు గాని, నగరం అంటూ ఉన్నది అక్కడే.

మరో సంగతి. అమరేశ్వరుడి గుడికి కార్తీకంలో, శివరాత్రికి వేలమంది వస్తారు. పంచారామాల్లో ఒకటి కాబట్టి తెలుగునాట ప్రతి మూల నుంచీ వస్తారు. స్తూపం అక్కడికి నడిచి వెళ్ళే దూరంలో ఉంది. గుడి దేవాదాయ శాఖది, స్తూపం కేంద్ర పురావస్తు శాఖది, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం పర్యాటక ప్రచారంలోది. మూడూ ఒకే ఊళ్ళో ఉన్నా మూడింటినీ కలిపే దారి పటం గాని, ఒక గైడు గాని భక్తుడి కంట పడదు. 2015లో కేంద్రం పన్నెండు వారసత్వ నగరాల పథకంలో అమరావతినీ వరంగల్‌నూ చేర్చింది. 2019లో ఆ పథకం ముగిసింది. దాని తర్వాత అమరావతికి ఒక స్థిరమైన ప్రణాళిక ఉండాలి. ఏ శాఖ చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చి, అందరికీ కలిపి ఒకరికి బాధ్యత అప్పగించకపోతే ఎన్ని నిధులు వచ్చినా గడ్డి కత్తిరింపుకే సరిపోతాయి.

ఈ ఊరి పేరు ఇప్పుడు రాజధాని పేరు. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఆ పేరు మీద వాదోపవాదాలు, ఎన్నికలు, కోర్టు వ్యాజ్యాలు ఎన్ని నడిచాయో అందరికీ తెలుసు. ఆ వాదన నేనిక్కడ ఎత్తుకోను. పేరు తెచ్చుకున్న రాజధాని, పేరిచ్చిన ఊరికి కొంత బాకీ పడిందని మాత్రం గట్టిగా అంటాను. రాజధాని భవనాల మీద స్తూపం ఆకారాన్నో, పద్మాన్నో అలంకారంగా వేయడంతో ఆ బాకీ తీరదు. తెలుగు పిల్లవాడు స్తూపం దగ్గరికి వస్తే, విధికుడి పలకను తెలుగులో చదివి, అతను ఎవరో, ఏమిచ్చాడో తెలుసుకుని వెళ్ళగలగాలి. పేరు, కాలం రాసిన రెండు ముక్కల బోర్డుతో ఆ పని జరగదు. నలగిరి ఫలకం ముందు నిలబెట్టి కథ చెప్పే మనిషి కావాలి. ఆ ఊరి యువకులకే ఆ శిక్షణ ఇవ్వవచ్చు.

మొదలు ఎక్కడ పెట్టాలంటే, నా ఉద్దేశంలో మెకంజీ బొమ్మల దగ్గర. 1963 చట్టం బ్రిటిష్ మ్యూజియం నుంచి రాయి కదలడానికి అడ్డమేమో గాని, కాగితం మీది బొమ్మకు నకలు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డం కాదు. ఆ 80కి పైగా బొమ్మలకూ నిండు కొలతలో నకళ్ళు తెప్పించి ఒక గదిలో పెట్టాలి. ప్రతి బొమ్మ పక్కనా ఆ పలక ఇప్పుడు చెన్నైలో ఉందా, లండన్‌లో ఉందా, అసలు లేనే లేదా అన్నది తెలుగులో రాయాలి. తర్వాత చెన్నై నుంచి నలగిరి ఫలకానికి, విధికుడి పూర్ణఘటానికి, లండన్ నుంచి రెండు ముఖాల పలకకు నకళ్ళు చేయించాలి. వాటిని అసలు రాయి రంగు కాకుండా వేరే రంగులో పెట్టి, స్తూపం చుట్టూ, ప్రదక్షిణ దారిలోనే నిలబెట్టాలి. పురావస్తు శాఖ నిబంధనలు స్తూపాన్ని ఆనుకుని కొత్త కట్టడాలకు ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే దారి అంచున, పునాది తవ్వకుండా నిలిచే చట్రాలు చాలు. ఇందులో ఏ పనికీ లండన్‌తో తగవు తేలేదాకా ఆగనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఒక లేఖ చెన్నైకి, ఒక లేఖ బ్రిటిష్ లైబ్రరీకి, ఒకటి ఢిల్లీలోని పురావస్తు శాఖకు రాయడంతో ఇది మొదలవుతుంది.